ఇద్దరూ నింపిన గోడ

"అది ముఖం తుడుచుకునే తువ్వాలు అత్తయ్యా. గోడలో కుక్కేది కాదు," అన్నాను.

"కుక్కడానికి వేరేది ఇవ్వు, అది తీసేస్తాను," అంది అత్తయ్య, మంచం మీంచి కదలకుండా.

పాత గుడ్డలు కావలసినన్ని ఉన్నాయి. ఉతికి మడిచి అల్మరా కింది అరలో పెట్టాను. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ, స్నానాల గదిలో ముందురోజే వేలాడదీసిన తెల్ల తువ్వాలు తీసుకెళ్లి, తాడులా మెలిపెట్టి, తన మంచం పక్కన గోడకూ నేలకూ మధ్య దూర్చింది. నేను పట్టి లాగితే బూడిదరంగులో బయటికొచ్చింది.

"అల్మరాలో ఉన్నవాటికేం వచ్చింది?"

"అవి పలచన. గాలి ఆగదు."

"గాలికి కూడా కొత్త తువ్వాలే కావాలా?"

"గాలికి కాదు, నాకు. నీ లెక్కలో నాకు పాతవే చాలేమో."

అక్కడితో ఊరుకుంటే మర్యాదగా ఉండేది. నేను ఊరుకోలేదు. ఇంట్లో ఏ గుడ్డ ఎందుకో ఒక పద్ధతంటూ ఉండాలన్నాను. పద్ధతులు తనకు నేర్పేంతదాన్నయ్యానా అని ఆవిడ అడిగింది. ఆఫీసుకు బయల్దేరుతున్న మా ఆయన ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున్నే ఒక తువ్వాలు కోసం ఏమిటీ రభస?"

"తువ్వాలు కోసం కాదురా. చలి కోసం," అంది అత్తయ్య. "రాత్రంతా ఆ గోడలోంచి ఎవరో ఊదుతున్నట్టే ఉంటుంది. నీ పెళ్లాం తువ్వాలు తీసుకుంది. ఇప్పుడు నా చెయ్యి పెట్టి ఆపుకోనా?"

ఆ గోడ సంగతి చెప్పాలి. మా మామగారు కట్టిన ఈ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఆయన పోయాక అన్నదమ్ములకు పడక, నట్టనడుమ గోడ లేపుకున్నారు. ఇటుక గోడ కాదు. నిలువు చెక్కలు పాతి, అటొక ప్లైవుడ్, ఇటొక ప్లైవుడ్ కొట్టించారు. రెండింటి నడుమ చెయ్యి పట్టేంత బోలు. ఆ బోలుకు పైన మూత లేదు, కప్పు కింది అటకలోకి తెరుచుకునే ఉంది. చలికాలం అటకలో చేరిన గాలి ఆ బోలులోంచి కిందికి జారి, నేల దగ్గర సందులోంచి, స్విచ్ బోర్డు రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. గోడకు అటువైపు మా మరిదివాళ్ల నడవ. ఇటువైపు అత్తయ్య గది.

అన్నదమ్ములకు ఎందుకు పడలేదంటే ఇద్దరూ చెరో కథ చెబుతారు. రెండు కథల్లోనూ తప్పు అవతలివాడిదే. గోడ లేచిన రోజున మా ఆయన తల్లిని కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాడు. ఇక్కడి మాట అక్కడికి మొయ్యకూడదు, అక్కడి మాట ఇక్కడికి తేకూడదు. ఆ సాయంత్రం మరిది కూడా తన వైపు కూర్చోబెట్టి అదే షరతు పెట్టాడట. ఆ ఇద్దరికీ కుదిరిన ఒకే ఒక్క మాట అది. అత్తయ్య రోజూ సాయంత్రం పెరటి దారిన చిన్నకొడుకు ఇంటికి వెళ్లి కూర్చుని వస్తుంది. అక్కడేం తిన్నదో, ఎవరేమన్నారో ఇంతవరకు ఒక్క ముక్క నోరు జారలేదు. మొదట్లో నాకు ముచ్చటేసింది. తర్వాత ఒళ్లు మండేది.

"ఇదిగో అమ్మా, ఆఖరిసారి చెబుతున్నా," అన్నాడు మా ఆయన. "డాక్టరు ఏమన్నాడు? నీ ఊపిరితిత్తులకు ఈ చలి పనికిరాదన్నాడు. ఈ గది వెచ్చబడితే సరే. లేదంటే మంచం హాల్లో వేయించి ఈ గది మూసేస్తాను."

"హాల్లో తలుపేదిరా?"

"తలుపెందుకు నీకు? మేమంతా ఉంటాంగా."

"అందుకే," అంది అత్తయ్య.

ఆ గదిలో ఆవిడకు ప్రాణమైన వస్తువు తలుపు గడియ. పుట్టింట్లో పదిమంది నడుమ పెరిగింది, అత్తింట్లో పదిమంది నడుమ కాపురం చేసింది. లోపలినుంచి గడియ వేసుకునే గది అంటూ ఆవిడకు దొరికింది మామగారు పోయాకనే. మధ్యాహ్నం భోజనం కాగానే లోపలికెళ్లి గడియ వేసుకుంటుంది. లోపల ఏం చేస్తుందో మాకెవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆవిడకు కావలసింది. హాల్లోకి మారడమంటే ఆ గడియ పోవడం. ఆ మాట మా ఆయనకు తప్ప ఇంట్లో కుర్చీలకు కూడా తెలుసు.

మా ఆయనది ఇన్సూరెన్స్ ఆఫీసు. మధ్యాహ్నం డబ్బా తింటూ ఫోనులో వీడియోలు చూస్తాడు. కుళాయి బిగించడం అలాగే నేర్చుకుని, అది విరిగేదాకా బిగించాడు. ఈసారి సాయంత్రం సంచీ నిండా ఫోమ్ డబ్బాలతో దిగాడు. దోమల మందు డబ్బాల్లా ఉన్నాయి, మూతికి సన్నటి గొట్టం. గోడకు చిన్న చిల్లు పెట్టి గొట్టం దూర్చి నొక్కితే లోపల నురగ పొంగి, చెయ్యి పట్టని చోటల్లా నిండి, గట్టిపడి గాలిని ఆపేస్తుందట.

నేను డబ్బా తిప్పి చదివాను. ముందు లోపల నీళ్లు చిలకరించాలి. కొంచెమే కొట్టి, అది గట్టిపడ్డాకే మీద ఇంకో పొర కొట్టాలి. మూసి ఉన్న బోలును ఒక్కసారిగా నింపకూడదు. తలుపుల, కిటికీల పక్కన ఈ రకం వాడకూడదు, చట్రం వంగుతుంది.

"ఏవండీ, ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. పొరలు పొరలుగా కొట్టమంటున్నాడు."

"అవన్నీ తర్వాత కేసులు రాకుండా రాసుకునే మాటలు. మా ఆఫీసులో మేమూ రాస్తాం."

"మీరు రాసేవి ఎవరూ చదవరు. ఇది చదవడానికే రాశాడు."

"సరే, అయితే నువ్వే కొట్టు," అని డబ్బా నా ముందు పెట్టాడు. నేను కొట్టనని ఆయనకు తెలుసు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను.

ఆదివారం పొద్దున మేమిద్దరం బజారుకు వెళ్లి కూరలు తెచ్చుకుని, మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. మంచం జరిపి, అత్తయ్య సామాన్ల మీద దుప్పటి కప్పి, కిటికీ తెరిచాను. ఆవిడ హాల్లో కుర్చీ వేసుకుని గుమ్మంలోంచి చూస్తూ కూర్చుంది. మా ఆయన గ్లౌజులు తొడుక్కుని, డ్రిల్లుతో ప్లైవుడ్‌కు వరసగా చిల్లులు పెట్టాడు. గొట్టం దూర్చి నొక్కాడు. పాము బుసలాంటి శబ్దం. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టకముందే చిల్లులోంచి లేత పసుపు నురగ బయటికి తన్నుకొచ్చింది.

"చూశావా, నిండింది."

"అప్పుడేనా?"

"ఒత్తిడి సరిగ్గా తెలిసినవాడు కొడితే ఇంతే."

ప్రతి చిల్లూ అలాగే నిండింది. తెచ్చిన డబ్బాల్లో సగం మిగిలిపోయాయి. మిగలడం ఆయనకు నచ్చలేదు. నిండిన చోటే ఇంకోసారి గొట్టం పొడిచి కొట్టాడు. నిచ్చెనెక్కి అటకలోంచి బోలు మూతి మీద కొట్టాడు. అత్తయ్య గది తలుపు ద్వారబంధం ఆ గోడకే ఆని ఉంటుంది. చివరికి ఆ చట్రం పక్క సందులోనూ కొట్టాడు.

"చాల్లేరా," అంది అత్తయ్య కుర్చీలోంచి. "ఇంక పట్టదు."

"పట్టదని నీకెలా తెలుసమ్మా? ఎప్పుడైనా కొట్టావా?"

అత్తయ్య నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఆవిడ ముఖం చూస్తే, కొడుకు మాటకు చిన్నబుచ్చుకుందనే అనుకున్నాను.

ఆ వాసనలో పడుకోవద్దని చెప్పాను. హాల్లో పడుకుంటే రేపట్నుంచి అక్కడే పక్క వేస్తారని ఆవిడ భయం. కిటికీ తెరిచి పెట్టుకుని, రెండు కంబళ్లు కప్పుకుని, ఎప్పటిలాగే గడియ వేసుకుంది.

పొద్దున కాఫీ తీసుకెళ్లి తలుపు తట్టాను.

"గడియ తీశాను," అంది లోపలినుంచి. "తలుపు రావడం లేదు."

తోశాను. గోడలో కలిసిపోయినట్టు ఉంది, కదల్లేదు. మా ఆయన వచ్చి భుజం పెట్టి తోశాడు, తర్వాత కాలితో తన్నాడు. పై మూల చెక్క పెచ్చు లేచింది తప్ప తలుపు రాలేదు. అప్పుడు చూశాను. గోడ పక్కనున్న ద్వారబంధం తలుపు మీదికి విల్లులా వంగి ఉంది.

"అమ్మా, లోపల గోడ ఎలా ఉంది?"

"కడుపుతో ఉంది," అంది అత్తయ్య.

అదే సమయానికి పెరటి గుమ్మంలో మా తోడికోడలు నిలబడింది. గోడ లేచాక ఆ అమ్మాయి మా గుమ్మంలోకి రావడం అదే మొదలు.

"అక్కా, మా నడవలో గోడ పొట్టలా ఉబ్బింది. మేకులు ఊడి కింద పడుతున్నాయి. మీరేమైనా చేశారా?"

"ఫోమ్ కొట్టారు, మీ బావగారు. నిన్న మధ్యాహ్నం."

ఆ అమ్మాయి నన్నొకసారి, మా ఆయన్నొకసారి చూసింది. "మేమూ కొట్టాం. నిన్న పొద్దున. మీరు బజారుకు వెళ్లినప్పుడు."

చిల్లులన్నీ అంత తొందరగా ఎందుకు నిండాయో అప్పుడు అర్థమైంది. మరిది కొట్టిన నురగ ఇంకా లోపల పచ్చిగానే ఉంది. దాని మీద, గాలి ఆడే సందు లేకుండా, మా ఆయన తనది కుక్కాడు. రెండూ కలిసి రాత్రంతా పొంగడానికి చోటు వెతుక్కున్నాయి.

మా ఆయన గోడకు నోరు ఆనించి తమ్ముణ్ణి కేకేశాడు. ఇదివరకు అటువైపు గరిటె కింద పడితే ఇటువైపు వినిపించేది. ఇప్పుడు గోడ ఉలకలేదు, పలకలేదు. చలి సంగతేమో గాని, చప్పుడు మాత్రం బాగా ఆగింది. తోడికోడలు వెళ్లి మొగుణ్ణి పిలుచుకొచ్చింది. మా మరిది డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పక్కవాడి కాలు బ్రేకు మీదకు పోకముందే తను తొక్కేసే అలవాటు ఆయనది.

"ఎవరు నింపమన్నారు నిన్ను?" అన్నాడు వస్తూనే.

"నా గోడ నేను నింపుకున్నాను. నువ్వెందుకు వేలు పెట్టావు?"

"నీ గోడ నీ ప్లైవుడ్ దాకే. లోపలి బోలు ఎవడిది?"

"అమ్మ చలికి ఒణుకుతోందని కొట్టాను."

"నాకూ చెప్పింది ఒణుకుతున్నానని. నీ పెద్దకొడుకు చెయ్యడా అంటే మాట్లాడలేదు. నువ్వు చెయ్యవనే అనుకున్నా."

"అలా అనుకోకపోతే నీకు నిద్రెలా పడుతుందిలే."

లోపల తల్లి ఉందన్న ధ్యాస ఇద్దరికీ లేదు. మరిది చూసి, ఒత్తిడి తగ్గాలంటే ప్లైవుడ్ కోసి లోపలి ఫోమ్ తీయాలన్నాడు. తీయాలని మా ఆయనా ఒప్పుకున్నాడు. అయితే ఎవరి వైపు ప్లైవుడ్ కొయ్యాలి? మా హాలు వైపున్న గోడ ముక్కకు కొత్త రంగు వేయించామని మా ఆయన. వాళ్ల నడవలో గోడంతా అల్మరా బిగించామని మరిది. మా రంగు పాతదేనని ఆయన. వాళ్ల అల్మరాలో చీపుళ్లే ఉంటాయని ఈయన. చీపుళ్ల మాట దాకా ఓపిక పట్టిన తోడికోడలు కూడా అందుకుంది. ఆ చీపుళ్లతో మా వాకిలి కూడా ఊడ్చిన రోజులున్నాయట.

"మీరు తేల్చుకోండి. నేను మళ్లీ పడుకుంటాను," అని లోపలినుంచి వినిపించింది. వెంటనే దగ్గు. ఆగకుండా వచ్చే దగ్గు.

నేను వంటింట్లోకి వెళ్లి రొట్టె కోసే, రంపంలా పళ్లున్న కత్తి తెచ్చాను. చట్రం మీది సన్నటి పట్టీని స్క్రూడ్రైవర్‌తో లేపి తీశాను. కింద ఫోమ్ గట్టిపడి పసుపు ఇటుకలా ఉంది. పైనుంచి కత్తి దించి, చట్రానికీ గోడకూ నడుమ కొయ్యడం మొదలుపెట్టాను. కరకరమంటూ తెగింది. పొడి నా జుట్టు మీద పడింది. మోకాళ్ల ఎత్తుకు వచ్చేసరికి లోపల ఎండని జిగురు కత్తికి పట్టుకుంది.

"అది చట్రానికి గీత పడుతుంది చూడు," అన్నాడు మా ఆయన.

నేను ఆయన వంక చూశాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

కింది దాకా కోశాక చట్రం టప్పున వెనక్కి జరిగింది. తలుపు తెరుచుకుంది. అత్తయ్య మంచం అంచున, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా కూర్చుని ఉంది. ఆవిడ వెనక గోడ మంచం మీదికి ఉబ్బి వచ్చింది. మేకులు ఊడిన చోట ప్లైవుడ్ అతుకు విడి, లోపలినుంచి తడి నురగ తేనెలా కారి నేల మీద ముద్ద కట్టింది. స్విచ్ బోర్డు నోట్లోంచి కూడా ఒక నాలుక బయటికి వచ్చింది. మా ఆయన వెళ్లి మెయిన్ ఆపేశాడు. ఆ రోజు ఆయన చేసిన పనుల్లో తప్పు పట్టడానికి లేనిది అదొక్కటే.

నేను అత్తయ్యను పట్టుకుని హాల్లోకి తెచ్చాను. అప్పుడే ఒక అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, వాళ్లు పొద్దున కొట్టారని మీకు తెలుసా?"

"మీరు బజారుకెళ్లాక అక్కడే ఉన్నానుగా. డబ్బా అందించింది నేనే."

"మరి మధ్యాహ్నం ఈయన కొడుతుంటే చెప్పలేదేం?"

"అక్కడి మాట ఇక్కడికి తేవద్దన్నారు," అంది అత్తయ్య. కొడుకులిద్దరి వంకా చూసింది. "ఇక్కడి మాట అక్కడికి మొయ్యద్దన్నారు. ఇన్నాళ్లూ తప్పానా?"

ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే గోడ నిలిచేది. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. చెప్పకుండా కుర్చీలో కూర్చుని చూసిందంటే, అది కేవలం మాట నిలబెట్టుకోవడమేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మళ్లీ మాటలు మొదలయ్యాయి. రెండు వైపులా ప్లైవుడ్ విప్పి, లోపలిదంతా గోకి పారేసి, ఎండబెట్టి, కొత్తగా కట్టాల్సిందే. అప్పటిదాకా అమ్మ హాల్లో ఉంటుందని మా ఆయన. హాల్లో టీవీ ముందు అమ్మను పడేస్తావా, మా సామాన్ల గది ఖాళీ చేయిస్తానని మరిది. కిటికీ లేని గదా అని ఈయన. తలుపు లేని హాలా అని ఆయన. తల్లిని ఒకరికొకరు అడ్డం పెట్టుకుని తిట్టుకోవడం వాళ్లకు కొత్త కాదు. ఎదురెదురుగా నిలబడి తిట్టుకోవడమే కొత్త.

అత్తయ్య తోడికోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, మధ్యాహ్నం మీరిద్దరూ ఇక్కడే తినండి. వండినది తెచ్చుకోండి. అందరూ ఉన్నప్పుడు ఒక మాట చెప్పాలి."

"ఆ మాటేదో ఇప్పుడే చెప్పమ్మా," అన్నాడు మరిది. "నాకు పదింటికి క్లాసుంది."

"క్లాసు చూసుకునే రా. ఇన్నాళ్లు ఆగాను, మధ్యాహ్నం దాకా ఆగలేనా?"

మా ఆయన ఆఫీసుకు సెలవు చెప్పాడు. మధ్యాహ్నానికి మా వంటింట్లో ఇద్దరం కోడళ్లం ఒకరికొకరు వీపు పెట్టి పని చేశాం. ఆ అమ్మాయి తన గిన్నె నా పొయ్యి మీద పెట్టి, మంట ఎంత ఉండాలో తనే తిప్పుకుంది. నేను ఆ మంట తగ్గించాను. ఆ అమ్మాయి పెంచింది.

బల్ల చుట్టూ ఐదుగురం కూర్చున్నాం. అన్నదమ్ములు ఎదురెదురుగా కాకుండా, ఒకే వరసలో రెండు చివర్లా కూర్చున్నారు, ముఖాలు కనిపించకుండా. అత్తయ్య నడుమ కూర్చుంది. రెండు ఇళ్ల కూరలూ వడ్డించుకుంది, రెండూ సమానంగా తిన్నది. సగం తిన్నాక చెప్పింది.

"గోడ విప్పించండి. కొత్త గోడ ఎప్పటిలా కట్టించండి. దాంతోపాటు ఇంకో పని ఉంది."

"ఏమిటి?" అన్నాడు మా ఆయన.

"నా గదికీ హాలుకీ ఉన్న గుమ్మం మూయించెయ్యండి. అక్కడా గోడే పెట్టించండి. కిటికీ తీయించి, అక్కడ పెరట్లోకి గుమ్మం పెట్టించండి."

మరిది కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

"అంటే?" అన్నాడు మరిది.

"అంటే నాది మూడో ఇల్లు. చిన్న స్టవ్ ఒకటి పెట్టుకుంటాను. ఒక్కదానికి ఎంత వంట? నన్ను చూడాలనుకున్నవాళ్లు పెరట్లోకి వచ్చి తలుపు కొట్టాలి. తీస్తే లోపలికి రావాలి, తియ్యకపోతే వెళ్లిపోవాలి. ఇద్దరికీ అదే పద్ధతి."

"బాగుంది. కొడుకులు, కోడళ్లు ఉండగా వేరే వంటా?" అన్నాడు మా ఆయన. "ఎవరైనా వింటే ఉమ్ముతారు."

"ఎవరు వింటారురా? ఈ ఇంటి మాట ఆ ఇంటికే పోదు, ఊళ్లోకి ఎలా పోతుంది?"

మరిది నవ్వబోయి ఆపుకున్నాడు. మా ఆయన అది విని కంచం ముందుకు తోశాడు.

"నీ ఆరోగ్యమో? రాత్రి ఏదైనా అయితే గోడ బద్దలుకొట్టుకుని రావాలా మేము?"

"ఇవాళ తలుపుండీ ఎంతసేపటికి వచ్చారో చూశాను."

నేను ఆవిడ కంచంలో కూర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కోపంతో కాదు. చాలని. పెళ్లయిన నాటి నుంచి నా వంటింట్లో నా మాటే చెల్లాలని కోరుకున్నదాన్ని. ఇప్పుడు అడక్కుండానే అది నా చేతికి వస్తోంది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

"అత్తయ్యా," అన్నాను, "నా మీద కోపమైతే నాతో చెప్పండి."

"నీ మీద కోపం రోజూ ఉంటుంది. దానికి గుమ్మం మార్చుకుంటానా?" అంది. "వీళ్లిద్దరూ నా గోడ నింపారు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. నీకేం కావాలమ్మా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నాకు కావలసింది తలుపు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను."

మా ఆయన ఆఖరి అస్త్రం తీశాడు. "హాల్లోని వెచ్చదనం రాదు, పెరటి చలి నేరుగా వస్తుంది. ఆ గది ఇంకా చల్లబడుతుంది. చలి ఆపాలనే కదా ఇదంతా మొదలైంది?"

"చలేస్తే కప్పుకుంటాను," అంది అత్తయ్య, అన్నం కలుపుకుంటూ. "గుమ్మం మాత్రం పెరట్లోకే. రేపు పనివాణ్ణి పిలవండి. మీరిద్దరూ చెయ్యొద్దు."